పంటి పురుగు మంత్రం కోసం మిర్యాలగూడ దాకా

నా పేరు వంగాల నర్సమ్మ. ఆధార్ కార్డు నాకు డెబ్బై నాలుగేళ్ళంటుంది, మా అమ్మ చెప్పిన లెక్క ప్రకారం దానికి ఇంకో రెండు కలపాలి. మునగాల దాటి హైవే దిగి లోపలికి వెళ్తే మా ఊరు. ఇంట్లో పెద్దకొడుకు, కోడలు, నేను; కొట్టంలో రెండు బర్రెలు; కాలువ కింద రెండెకరాల వరి. నాకు చదువు రాదు, సంతకం కూడా రాదు. నేను చెబుతుంటే మనవరాలు మౌనిక రాస్తోంది. తను తిరిగి వచ్చిన ఊళ్ళ గురించి ఈ పేజీలో రాస్తుంటుంది కాబట్టి నా ప్రయాణం కూడా ఇక్కడే పెట్టమన్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి, నాకు మంచి పేరు వచ్చేటట్టు ఒక్క మాట కలిపినా వేలిముద్ర వెయ్యనని ముందే చెప్పాను.

యాభై రెండేళ్ళుగా నేను పంటి పురుగు తీస్తున్నాను. పన్ను పుచ్చి నొప్పి లేచినవాళ్ళు మా అరుగు మీదికి వస్తారు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో నిప్పుల మూకుడు పెట్టి, ఆ నిప్పుల మీద వాకుడు కాయల ఎండు గింజలు, రెండు చుక్కల నూనె వేస్తాను. నొప్పి ఉన్న మనిషి నోరు తెరిచి ఆ పొగ మీదికి వంగాలి. తల మీద దుప్పటి కప్పి, లోలోపల మంత్రం చదువుతూ దవడ మీద ఊదుతాను. దుప్పటి తీసి చూస్తే పళ్ళెం నీళ్ళలో తెల్లగా, సన్నగా పురుగులు తేలుతుంటాయి. ఈ మంత్రం మా అత్త నాకు సూర్యగ్రహణం నాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టి చెప్పింది. ఒక్కరికి మించి చెప్పకూడదు, నలుగురి నోళ్ళలో పడితే పని చెయ్యదు. అదీ కట్టు.

నా చెల్లెలు లచ్చమ్మది నేరేడుచర్ల. భర్త పోయాక కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. ఆమె దవడ వాచిందంటే ఆదివారం వెళ్ళి పొగ వేశాను. మంగళవారం మళ్ళీ వేశాను. రెండుసార్లూ పురుగులు పడ్డాయి, వాపు మాత్రం దిగలేదు. బుధవారం సాయంత్రం మిర్యాలగూడ హాస్టల్ నుంచి మౌనిక ఫోన్ చేసి, "నానమ్మా, నీ పంటి పురుగు మంత్రం మా కాలేజీల గోడకు రాసి పెట్టిండ్రు" అని నవ్వింది. ఆ పిల్ల సరదాకి అన్నది. నేను మాత్రం నిజమేనని నమ్మాను. కట్టు తెగింది, అందుకే లచ్చమ్మకు మంత్రం పట్టడం లేదనుకున్నాను. ఆ రాత చెరిపిస్తే వాపు దిగుతుంది. గురువారం పొద్దున ఆరున్నరకే బయల్దేరాను.

మా ఊరి నుంచి మునగాలకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. అక్కడి నుంచి కోదాడకు బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ ఇస్తారు కదా, ఇక నేరేడుచర్ల, మిర్యాలగూడ దాకా నాకు బస్సు ఖర్చే లేదు. ఏడున్నరకు కోదాడలో దిగాను. బస్టాండ్ బయట బండి మీద నలభై రూపాయలకు ప్లేటు ఇడ్లీ తీసుకున్నాను. బండి ఆయన మాట కృష్ణా వైపు మాట.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి మామ్మగారూ?"

"మిర్యాలగూడకు. నా పంటి పురుగు మంత్రం ఎవరో ఎత్కపోయిండ్రు. పట్టుకోనీకె పోతున్న."

ఆయన గరిటె ఆపి నా నోట్లోకి చూశాడు. "పళ్ళకి మంత్రం వేసే మామ్మకే ఆరు పళ్ళున్నాయేంటండీ?"

"ఆ ఆరు నీ అసొంటోళ్ళను కొరకనీకె ఉంచుకున్న. సట్నీ ఎయ్యి."

ఎనిమిదింటికి మిర్యాలగూడ బస్సు దొరికింది. హుజూర్‌నగర్ మీదుగా వెళ్తుంది. రోడ్డుకు రెండు పక్కలా పొట్టకొచ్చిన వరి, మధ్య మధ్యలో రైస్ మిల్లుల పొగ గొట్టాలు. తొమ్మిదింబావుకు నేరేడుచర్లలో దిగి లచ్చమ్మను చూద్దామని వెళ్ళాను.

లచ్చమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి దవడ నుంచి గదమ, అదే గడ్డం, దాని కింది దాకా వాపు గట్టిపడి, ఎర్రగా మెరుస్తోంది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరవలేకపోతోంది. మింగలేక వదిలేసిన గంజి పక్కనే చల్లారిపోయి ఉంది. కోడలు రేణుక నన్ను చూడగానే అందుకుంది.

"పెద్దత్తమ్మా, దవాఖానకు పోదామంటే ఒక్క తీరుగ వింటలేదు. మా అక్క చెప్తెనే పోత అంటది. నువ్వన్న చెప్పు."

లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. "అక్కా, ఊరందరికి పట్టిన మంత్రం నాకే ఎందుకు పడతలేదే?"

"పడతది. ఎవడో దాన్ని గోడకెక్కిచ్చిండు. నేను పోయి చెరిపిస్త. పగటీలి వరకు నీకే తెలుస్తది."

"మధ్యాన్నం దాక ఆగాల్నా?" అని రేణుక అడిగింది. ఆగమన్నాను. ఆ మాట అన్నది నేనే. అందుకే దాన్ని ఇక్కడ రాయించుకుంటున్నాను.

పదింటి బస్సెక్కితే పదకొండు లోపలే మిర్యాలగూడ. బస్టాండ్ నుంచి కాలేజీకి ఆటో యాభై అడిగాడు, ముప్పైకి ఒప్పుకున్నాడు. కాలేజీ అనగానే అద్దంలో నన్ను చూసి, "ఏం పెద్దమ్మా, అడ్మిషనా?" అన్నాడు.

"చదువనీకె కాదు. ఒక గోడ చెరుపనీకె."

"అయితే గేటు కాడ దింపి నేను మళ్ళ సూడకుంట ఎల్లిపోత" అన్నాడు. అన్నట్టే చేశాడు.

మౌనిక గేటు దగ్గరే ఎదురొచ్చి, నన్ను లైబ్రరీ ముందు గదిలోకి తీసుకెళ్ళింది. గది చుట్టూ అట్టల మీద అతికించిన బొమ్మలు, రాతలు. పిల్లలతో అవన్నీ చేయించింది చరిత్ర పాఠాలు చెప్పే సుజాత మేడం. నేను ఆమె ఎదుట నిలబడి గట్టిగానే అడిగాను.

"నా మంత్రం మీకెవరు చెప్పిండ్రు? మా అత్త సచ్చి ముప్పయ్యేండ్లాయె. నేను ఇంకా ఎవ్వరికి చెప్పలే. ఎవని నోట్లకెల్లి గుంజిండ్రు?"

ఆమె కోప్పడలేదు, నవ్వలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "అది మీ మంత్రం కాదమ్మా. సుమేరు, బాబిలోను అనే దేశాలోళ్ళది. ఇప్పుడు దాన్నే ఇరాక్ అంటున్నరు. మనోళ్ళు దుబాయికి పోతరు సూడండి, ఇంకా ఆ పైన ఉంటది. తడి మట్టి పలక మీద రెల్లు పుల్లతో ఒత్తి రాసుకున్నరు. వేల ఏండ్ల కిందటి మాట."

"దాంట్ల బురద ఉన్నదా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఉన్నదమ్మా. మీకెట్ల తెలుసు?"

నేను ముందు చదవమన్నాను. ఆమె వేలు పెట్టి చదువుతూ వివరించింది. ఆకాశం నుంచి భూమి వచ్చిందట, భూమి నుంచి నదులు, నదుల నుంచి కాలువలు, కాలువల నుంచి బురద, ఆ బురదలో పురుగు పుట్టిందట. ఆ పురుగు దేవుడి ముందుకు ఏడుస్తూ వెళ్ళి, నాకు తిండేది అని అడిగిందట. పండ్లిస్తానంటే వద్దని, పంటికీ చిగురుకూ మధ్య చోటిమ్మందట. మంత్రం అయ్యాక పంటికి ఏ మందు పెట్టాలో కూడా కింద రాసి ఉంది.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మా అత్త చెప్పినదాంట్లో దేవుడు వేరు, పండ్లు లేవు. కానీ బురద ఉంది, ఏడుపు ఉంది, చోటడగడం ఉంది. ఇంతకు మించి చెప్పను. మా అత్తకు ఆమె మేనత్త చెప్పింది. ఆ మేనత్తకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ కుర్చీలో కూర్చుంటే వెనక్కి వెనక్కి ఎన్ని నోళ్ళో కనిపించాయి, సముద్రాల అవతలి దాకా. నేను కొట్లాడటానికి వచ్చిన సంగతే మరిచిపోయాను. ఆ దేశంలో జబ్బు మనిషి మంచం దగ్గరికి ఇద్దరు వచ్చేవారట. ఒకడు మంత్రం చదివేవాడు, ఒకడు మందు కట్టేవాడు. నేను ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే వెళ్ళాను.

తర్వాత గ్రీకుల అట్ట. జబ్బు చేసినవాళ్ళు వైద్యుడైన ఒక దేవుడి గుడికి వెళ్ళి అక్కడే నేల మీద పడుకునేవారట. కలలో దేవుడో, దేవుడి పామో వచ్చి నయం చేసి పోయేవట. నయమైతే చెవో, కాలో, కన్నో మట్టితో చేయించి గుడి గోడకు కట్టేవారట. ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాను. కళ్ళ కలక తగ్గితే మేం ఎల్లమ్మకు వెండి కళ్ళు ఇవ్వమా? మా వైపు దర్గాలో నిద్ర చెయ్యడానికి బండ్లు కట్టుకుని వెళ్ళరా? అయితే ఆ గ్రీకుల్లోనే ఇంకొందరు వైద్యులు, మూర్ఛ దేవుడి కోపం కాదు, మిగతా రోగాల్లాగే దానికీ ఒక కారణం ఉందని వాదించారట. రెండు రకాలవాళ్ళూ ఒకే దేశంలో, ఒకే కాలంలో బతికారట.

ఈజిప్టు అట్ట మీద సింహం తల అమ్మవారు. ఊళ్ళ మీదికి రోగాలు పంపేది ఆమే, తీసుకుపోయేదీ ఆమే. ఆమె పూజారులే వైద్యులు. "మా పోచమ్మకు చుట్టం లెక్కున్నది" అంటే మేడం మొదటిసారి నవ్వింది. పుండుకు తేనె రాసేవారట, కట్టు కట్టేటప్పుడు ఒక మంత్రం, విప్పేటప్పుడు ఒక మంత్రం. ఆ పక్కనే దెబ్బల వైద్యం రాసిన పాత కాగితపు చుట్ట ఒకదాని బొమ్మ ఉంది. మేడం దాని గురించి చెప్పిన సంగతే నన్ను పట్టుకుంది.

"దెబ్బను తడిమి చూసినంక వైద్యుడు మూడు మాటలల్ల ఒకటి చెప్పాల్నమ్మా. ఇది నేను నయం చేస్త. ఇది గట్టిది, పోరాడి చూస్త. మూడోది, దీనికి నేను చేసేది ఏం లేదు."

"మూడో మాట అంటె వాన్ని ఎవరు మళ్ళ పిలుస్తరు?"

"అది గూడ పాఠంలనే రాసిండ్రమ్మా. శిష్యులకు నేర్పిండ్రు."

మా అత్త నాకు మంత్రం నేర్పింది. పొగ ఎంత వెయ్యాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో నేర్పింది. ఆ మూడో మాట నేర్పలేదు. యాభై రెండేళ్ళలో నేను ఒక్కరికి కూడా ఆ మాట చెప్పలేదు. గోడ మీద ఉన్నది నా మంత్రం కాదు. అంటే నా కట్టు తెగలేదు. తెగకపోతే లచ్చమ్మ వాపు ఎందుకు దిగలేదు? ఈ ప్రశ్న నాకు అక్కడే, ఆ సింహం తల అమ్మవారి ముందే వచ్చింది. మౌనిక చెయ్యి పట్టుకుని, "లెవ్, నేరేడుచర్లకు పోదాం" అన్నాను. అప్పటికి ఒంటి గంట దాటింది. అన్నం కూడా తినలేదు.

రెండింబావుకు లచ్చమ్మ ఇంట్లో ఉన్నాను. వాపు మెడ వైపు ఇంకాస్త దిగింది. లాలాజలం మింగలేక చీర కొంగుతో తుడుచుకుంటోంది. నన్ను చూసి నిప్పుల మూకుడు వైపు చెయ్యి చూపించింది.

"చెరిపినవా? ఇగ ఒక్కసారి పొగ ఎయ్యే."

"ఎయ్య. ఇది నా చేతులది కాదు లచ్చీ. నాతోని కాదు. సూర్యాపేట పెద్ద దవాఖానకు పోదాం."

"మొన్న మూడు పురుగులు పడ్డయ్ గద. ఇంకోటి మిగిలుంటది. తియ్యి."

ఆమె లేవదని అర్థమైంది. నలభై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నది చెప్పక తప్పలేదు. ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నోరు పెట్టే మనిషే లేకుండా నిప్పుల మీద గింజలు వేసి చూశాను. కాసేపటికి అవి చిట్లి పళ్ళెం నీళ్ళలో తెల్లటి పురుగులు తేలాయి. అవి గింజ లోపలి మొలకలు. ఆ రోజు పళ్ళెం కడిగి బోర్లించాను, పురుగు అబద్ధమైనా మంత్రం నిజమేనని సర్దిచెప్పుకుని మరునాడు మళ్ళీ పని మొదలుపెట్టాను.

"అవి నీ పంట్లవి కావే. గింజలయి. ఎవ్వరి పంట్లవి కావు."

లచ్చమ్మ రేణుక భుజం పట్టుకుని లేచి నిలబడింది. "కారు పిలువు బిడ్డా. ఈమె పక్కన మాత్రం నన్ను కూసోవెట్టకు" అంది. కోపంతో లేచింది. ఎలా లేస్తేనేం, లేచింది.

నేరేడుచర్ల నుంచి గరిడేపల్లి మీదుగా సూర్యాపేటకు కారు పదిహేను వందలు, గంటంబావు. ముందు సీట్లో నేను, వెనక ఆ ముగ్గురు. డ్రైవర్ ఒకసారి, "ఏమైంది పెద్దమ్మా, అక్కచెల్లెండ్లు కొట్లాడిండ్రా?" అని అడిగాడు. "రోడ్డు సూడు" అన్నాను. దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ రెండు వేళ్ళతో గదమ కింద నెమ్మదిగా తడిమి, నోట్లో లైటు వేసి చూసి, మా వైపు తిరిగింది.

"చీము గదమ కింద నిండింది. కోసి తీయాలె, పన్ను గూడ తీసెయ్యాలె. గొంతు దిక్కు ఎంతవరకు పోయిందో తెరిస్తె గాని చెప్పలేను. గట్టిగనే ఉన్నది, మా ప్రయత్నం మేం చేస్తం."

మిర్యాలగూడలో విన్న మూడింటిలో అది రెండో మాట. తడిమిన తర్వాతే చెప్పింది, దాచకుండా చెప్పింది. ఆ పిల్లకు మంత్రం ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ మాట మాత్రం ఎక్కడి నుంచో, చేతులు మారి మారి ఆమె దాకా వచ్చింది. నేను ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆమె కంగారుపడి నా చేతులు దించింది.

చీకటి పడకముందే బయటికి వచ్చి, చీము తీశామని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. ఇంకో పూట ఆగి ఉంటే ఊపిరి ఆడేది కాదంది. ఆగమన్నది ఎవరో ఆమె అడగలేదు. రేణుక కూడా చెప్పలేదు.

ఆరు రోజులు వార్డులో నేనే ఉన్నాను. లచ్చమ్మ నా చేత్తో జావ తాగేది, నాతో మాట్లాడేది కాదు. ఐదో రోజు పొద్దున గోడ వైపు తిరిగి పడుకుని అడిగింది.

"మా ఆయన పంటి పురుగు గుడ తీసినవ్ గద. ఆయనకు గుడ గింజలేనా?"

"గింజలే."

ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి జరిగాను. దవడ మీది కట్టు పట్టుకుని నవ్వుతోంది. "ఆ ముసలోడు ఆ పురుగులను సున్నం డబ్బిల దాసిపెట్టిండే! వచ్చినోళ్ళందరికి సూపెట్టేటోడు."

నేనూ నవ్వాను. వెంటనే ఆమె ఇటు తిరిగింది. "నవ్విన గని కోపం పోలె. నాకు చెప్పింది ఊరందరికి చెప్పు. కాయితం మీద పెట్టు, ఏలిముద్ర ఎయ్యి. సాక్షి నేనుంట."

ఈ రాత అందుకే. మా ఊళ్ళో ఇప్పుడు నర్సమ్మ హస్తవాసి పోయిందంటున్నారు. కొందరు కాలేజీవాళ్ళకు మంత్రం అమ్ముకుందంటున్నారు. అననివ్వండి. నా హస్తవాసి ఎక్కడికీ పోలేదు, పళ్ళెం మాత్రం పక్కన పెట్టాను. నొప్పితో వచ్చినవాళ్ళ నోరు తెరిపించి చూస్తాను, దవడ తడుముతాను, భయపడితే ఊది మంత్రం చదువుతాను. చదివాక ఆ మూడు మాటల్లో ఒకటి చెబుతాను. వాపు కనబడితే మూడోదే చెబుతాను, ఎవరితో పోవాలో, ఏ బస్సెక్కాలో కూడా చెబుతాను. ఆ గదిలో నేను చూసినవాళ్ళంతా దేవుణ్ణి మొక్కారు, మంత్రం చదివారు, అయినా జబ్బు మనిషిని చేత్తో తడిమి చూశారు. అంత పాతకాలం మనుషులు చెయ్యగలిగిన పని నేను నా చెల్లెలి దగ్గర చెయ్యలేదు. ఆ అట్టలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సిగ్గు కూడా వేస్తుంది.

మీరూ ఆ అట్టలు చూడాలనుకుంటే కాలేజీ పనిదినాల్లో పది నుంచి నాలుగు దాకా ఆ గది తీసే ఉంటుంది, డబ్బులేమీ తీసుకోరు. రెండు సంగతులు గుర్తుంచుకోండి: కోదాడ నుంచి ఎనిమిదింటి బస్సు తప్పకుండా పట్టుకోండి, చదవడం రాకపోతే అక్కడి పిల్లల్ని పిలిచి ప్రతి అట్టా గట్టిగా చదివించుకోండి. దానికి రెండు గంటలు పడుతుంది.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. మౌనిక చదివి వినిపించింది, విన్నాను, ఒప్పుకున్నాను.

వంగాల నర్సమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
రేణుక, నేరేడుచర్ల. సంతకం.
మౌనిక, రాసిన మనిషి. సంతకం.
లచ్చమ్మ, నేరేడుచర్ల. వేలిముద్ర. తన మాటగా ఇది కూడా రాయమంది: "అంత నిజమే. కోపం ఇంకా జర ఉన్నది."